నత్తను నెమ్మది చేసినవాడు

జూలై 4

తమ్ముడూ,

వాన తెరిపి ఇవ్వడం లేదు. డిపోలో పని ఆగిపోయింది. దుంగలు సగం దాకా బురదలో కూరుకున్నాయి, లారీలు రావడం లేదు. ఈ పూట నేను చేసిన పని చెబుతాను విను. ఎడమ చేత్తో గిన్నెలు తోమాను. ఎడమ చేత్తో దుప్పటి పిండబోయి నీళ్ళు కారుతుండగానే ఆరేశాను. ఫిజియో పిల్ల ఇచ్చిన రబ్బరు బంతిని కుడి చేత్తో నొక్కాను. బంతికి నొక్కినట్టు కూడా తెలియలేదు.

వచ్చినవాళ్ళంతా ఒకటే పాట, "విశ్రాంతి తీసుకో తల్లీ" అని. గొలుసు తెగి దుంగ పడింది నా చేతి మీద. వీళ్ళు నన్ను మొత్తంగా మంచాన పడేశారు. కూర్చుంటే పడుకోమంటారు, పడుకుంటే ఎలా ఉన్నావంటారు. నిన్న ఎదురింటావిడ నా నోట్లో ముద్ద పెట్టబోయింది. "నాకు ఇంకో చెయ్యి ఉంది" అని దాన్ని ఎత్తి చూపించాను.

డిపో యజమాని వచ్చాడు. గుమ్మం లోపలికి రాలేదు, గొడుగు మూయలేదు. "వానలు వెలిసేదాకా నీ సీటు నీదే. వెలిశాక లారీలు నా కోసం ఆగవు. చెయ్యి కుదిరితే లోడరు నువ్వు తోలు, లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటా" అన్నాడు. దుంగలెత్తే ఆ లోడరు మీద నేను పని నేర్చుకున్నప్పుడు ఇతను ఇంకా తండ్రి చాటున తిరుగుతున్నాడు.

నువ్వు వదిలి వెళ్ళిన గేమ్ పెట్టె ముందు కూర్చుంటున్నాను. ఆన్‌లైన్ స్టోరులో కొని దించి పెట్టావే, అవన్నీ తెరిచి చూశాను. ఒకదాంట్లో మనిషి కదలకుండా నిలబడతాడు, వాడి నీడ గోడల మీద ఎగురుతుంది. మీ బావ చూసి, "లైటు తీసేస్తే సరి, అందరం పడుకోవచ్చు" అన్నాడు. ఎగిరినప్పుడల్లా ఇల్లు తలకిందులయ్యే ఆట ఆడితే నాకు కళ్ళు తిరిగాయి. నాకు నచ్చింది బావిలో పడ్డ నత్త. దానికి ఎగరడం రాదు. గుల్లను విప్పి పైకి విసురుతుంది, గుల్ల ఎక్కడ పడితే అక్కడికి తాను చేరుతుంది. ముగ్గురే కలిసి చేశారట ఆ ఆటని. ఆ ముగ్గురిలో ఒకరికి తప్పకుండా చెయ్యి విరిగి ఉంటుంది. కుడి బొటనవేలితో గురి చూడాలి, చూపుడు వేలితో నొక్కి పట్టాలి, సమయానికి వదలాలి. లోడరు పంజాతో నేను చేసేది అచ్చంగా అదే కదరా.

నువ్వు ఇంట్లో ఉన్న రోజుల్లో మొదటి గట్టు మీదకి కూడా గుల్ల చేరలేదు. నువ్వు వెళ్ళాక చేరుతోంది. నీ మొహం ఎదురుగా లేకపోవడం నా వేళ్ళకి మంచిదేమో.

ఒక్క మాట. నత్త బావి పైకి వచ్చిన రోజున నేను డిపోకి వెళ్ళి సీటు ఎక్కుతాను. మీ బావకి చెప్పాను, నీకూ చెబుతున్నాను.

మీ కొండ మీద ఫోను పలకదు కాబట్టి ఇది సరుకుల వ్యాను అతనికి ఇస్తున్నాను. తడిపి తెస్తే నాలుగు చీవాట్లు పెట్టు.

అక్క


జూలై 15

అక్కకి,

తడిపే తెచ్చాడు. చీవాట్లు పెట్టాను. "మీ అక్క ముందే పెట్టింది" అన్నాడు.

ఇక్కడా వానే. సొరంగంలో నీళ్ళు ఊరుతున్నాయి, పొద్దస్తమానం పంపులు నడపడమే నా పని. బూట్లు ఆరడం లేదు. మా మేస్త్రీకి జలుబు చేసింది, తుమ్మితే సొరంగం అంతా తుమ్ముతుంది.

నత్త నీకు నచ్చుతుందని నాకు తెలుసు. దుకాణాల్లో డబ్బాల్లో అమ్మే పెద్ద ఆటలన్నీ తుపాకులే. ఇలాంటి చిన్న ఆటలు స్టోరులో అడుగున ఎక్కడో ఉంటాయి, వెతుక్కోవాలి. నాకు వాటి మీదే ప్రాణం. ఒక్క కొత్త సంగతి కనిపెట్టి, దాని మీదే ఆటంతా కట్టి నిలబెడతారు. పైకి వెళ్ళేకొద్దీ బావి గోడలు తిరగడం మొదలుపెడతాయి, చూడు.

అన్నట్టు అందులో సెట్టింగులు కెలక్కు. నీ చేతికి సరిపోయేలా అన్నీ సర్ది పెట్టాను. నువ్వు ఏదో ఒకటి నొక్కి, మళ్ళీ నాకు ఉత్తరం రాసి, నేను జవాబు రాసేసరికి ఎండాకాలం వస్తుంది.

సీటు సంగతి తొందరేముంది? బావ మోటార్ల రిపేరు దుకాణం నడుస్తోంది కదా. మోటార్లు కాలడం ఆగదు, బావకి పని ఆగదు.

నీ తమ్ముడు


జూలై 27

ఒరేయ్,

వచ్చేసింది! నత్త బావి పైకి వచ్చేసింది!

మధ్యాహ్నం, వాన కాస్త సన్నబడ్డ వేళ. మీ బావ అన్నానికి వచ్చి కంచం పట్టుకుని నిలబడే చూశాడు. ఆఖరి తిరుగుడు గోడ మీద గుల్ల అంచున వేలాడింది. పడిపోయిందనుకున్నాను. పడలేదు. పైన గడ్డి, ఎండ, అంతే. పాటా లేదు, బాణసంచా లేదు. నత్త కాసేపు గడ్డి మేసింది. తరువాత ఆ ముగ్గురి పేర్లూ, ఒక పిల్లి పేరూ వచ్చాయి. నాకు నచ్చింది. పని అయ్యాక ఎవరైనా చేసేది అదే.

నేను కుడి చెయ్యి ఎత్తి మీ బావకి చూపించాను. అతను కంచంలోకి చూస్తూ, "బాగుంది" అన్నాడు. అంతే. వంద మోటార్లు బాగుచేసినవాడికి మనిషిని మెచ్చుకోవడానికి వైరు అందలేదు. కోపం వచ్చి, "ఏం, నమ్మకం లేదా?" అన్నాను. "నేనేమన్నా?" అన్నాడు. అనకపోవడమే నా బాధ.

వానలు తగ్గుముఖం పడుతున్నాయి. డిపోలో మళ్ళీ పని మొదలవుతుందట. యజమానికి కబురు పెట్టాను, వచ్చే సోమవారం పరీక్ష చూసుకోమని. ఫిజియో పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల బంతిని నమ్ముతుంది, నేను నా వేలిని నమ్ముతాను. గోడలు తిరుగుతుంటేనే గురి తప్పని చేతికి, కదలకుండా నిలబడ్డ లారీ ఒక లెక్కా?

నీకు ఆ ఆఖరి గోడ ఎన్నిసార్లకి వచ్చింది? దాచకుండా రాయి. నాకంటే ఎక్కువసార్లు పడి ఉంటావు.

అక్క


ఆగస్టు 1

అక్కకి,

శభాష్. నాకు ఆఖరి గోడ చాలా రోజులు పట్టింది. విసుగొచ్చి కొన్నాళ్ళు వదిలేశాను కూడా.

అయితే ఒక మాట. బావి వేరు, డిపో వేరు. ఆటలో పడితే నత్త మళ్ళీ లేస్తుంది. ఇంకొక నెల చూసి వెళ్ళరాదూ? యజమానికి నేను చెప్పానని చెప్పు. కాదంటే పోనీ, ఇంకో డిపో లేదా?

పంపు ఒకటి కాలిపోయింది. బావ ఇక్కడుంటే బాగుండేది. ఇంకేం రాయాలో తోచడం లేదు. వ్యాను హారను కొడుతున్నాడు.

నీ తమ్ముడు


ఆగస్టు 7

తమ్ముడూ,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. పరీక్ష సోమవారం అయిపోయింది.

మొదటి దుంగ బాగానే ఎత్తాను. రెండోది లారీ మీదకి తిప్పాను. వదలాల్సిన చోట వేలు వదల్లేదు. వదిలేసరికి పంజా రెండు గజాలు దాటిపోయింది. దుంగ లారీ ముందు భాగం మీద పడింది. డ్రైవరు దిగి టీ తాగుతున్నాడు కాబట్టి బతికాడు. గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చి, నుజ్జయిన తన సీటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

యజమాని అందరి ముందూ అన్నాడు. "ఇంట్లో కూర్చోమంటే వినదు. ఎవడి ప్రాణమైనా పోతే ఎవరమ్మా జవాబు చెప్పేది?"  అతను అన్నది నిజమే. అదే ఇంకా మండుతోంది. గేటు దగ్గర కుర్చీ వేస్తాడట. వచ్చే లారీల నంబర్లు రాసుకోమన్నాడు. "ఎడమ చేత్తో రాయడం నేర్చుకో, చాలు" అన్నాడు.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఇంటికి వచ్చి మళ్ళీ నత్త ఆడాను. ఆఖరి గోడ మళ్ళీ వచ్చింది. అదే వేలు, అదే వదలడం. ఇక్కడ తప్పనిది అక్కడ ఎందుకు తప్పింది? భయపడ్డానా? ఇరవై ఏళ్ళు తోలిన బండి మీద నాకు భయమా? నా మీద నాకే అసహ్యంగా ఉంది.

అక్క


ఆగస్టు 16

అక్కకి,

ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు. భయం అందరికీ ఉంటుంది, దాన్ని తలచుకుని కుమిలిపోకు.

అయినా బొమ్మాట చూసుకుని లోడరు ఎక్కేవాళ్ళు ఉంటారా అక్కా? మా మేస్త్రీకి చెబితే తుమ్మడం ఆపి మరీ నవ్వాడు. గేటు దగ్గర పని మాత్రం ఏం తక్కువ? నీడపట్టున కూర్చోవచ్చు. దుమ్ము లేదు, డీజిలు వాసన లేదు. మనవాళ్ళలో ఎవరికి దొరికింది కుర్చీ పని? ఒప్పుకో.

మొన్న పట్నం దిగినప్పుడు నీ కోసం స్టోరులో ఇంకో ఆట కొన్నాను. పెట్టె తెరిస్తే అదే దిగుతుంది. ఒక పోస్టుమాన్ కాగితపు ఊళ్ళో నడుస్తుంటాడు, మనం కాగితాన్ని మడిచి అతనికి దారి చెయ్యాలి. ఒత్తిడి లేదు, పడిపోవడం లేదు. నీకు బాగుంటుంది.

నీ తమ్ముడు


ఆగస్టు 25

ఏరా,

నీ పోస్టుమాన్‌ని నువ్వే ఉంచుకో. ఆ కాగితం ఆటని పెట్టెలోంచి తుడిచేశాను.

ఆదివారం మీ బావ దుకాణం మూశాడు. నేను మాట్లాడకుండా కూర్చున్నానని, నన్ను నవ్వించాలని రిమోటు తీసుకున్నాడు. నా ఆటలో వేలు పెట్టకుండా తన పేరుతో వేరేగా మొదలుపెట్టాడు. మొదటి గట్టు. గుల్ల విసిరాడు, పడిపోయాడు. విసిరాడు, పడిపోయాడు. నేను నవ్వాను. పరీక్ష తరువాత మొదటిసారి.

"అంత మొద్దు వేళ్ళతో తీగ ఎలా చుడతావయ్యా? ఇటివ్వు" అని లాక్కున్నాను.

నేనూ పడ్డాను. మళ్ళీ పడ్డాను. గుల్ల రాయిలా దూసుకుపోతోంది. నా నత్త అలా పోదు. నా గుల్ల అంచు తాకితే చాలు, అతుక్కుని వేలాడుతుంది. ఇతని గుల్ల జారిపోతోంది.

"నీ నత్తకి తొందరెక్కువ ఏమిటి?" అన్నాను.

 మీ బావ వైపు తిరిగి చూశాను. అతని మొహం కంచంలోకి చూసిన రోజు ఉన్నట్టే ఉంది.

నువ్వు కెలకొద్దన్న చోటికి వెళ్ళాను. నా ఆటలో 'సహాయం' అని ఒక అర ఉంది. వేగం సగానికి తగ్గించి ఉంది. గుల్ల అంచుకి దానంతటదే అతుక్కోవాలని పెట్టి ఉంది. వేలు ఆలస్యంగా వదిలినా సమయానికి వదిలినట్టే లెక్కేసుకోవాలని పెట్టి ఉంది. చూశావా, సరిగ్గా అదే! నా చేతికి ఏం లోపం ఉందో అదే లోపం నాకు కనబడకుండా మూసి పెట్టావు. నేను దాన్ని పట్టుకుని, ఒక మనిషి కూర్చునే సీటు మీదకి దుంగ తిప్పాను.

టీ కొట్టు లేకపోతే ఆ డ్రైవరు ఏమయ్యేవాడు? చెప్పు. నువ్వు చెప్పు.

నువ్వు సర్దింది బటన్లే అనుకున్నాను. నత్త పైకి వస్తే సీటు ఎక్కుతానని నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. చదివి కూడా సెట్టింగులు కెలక్కు అని రాశావు. వచ్చేసిందని రాస్తే శభాష్ అన్నావు. దుంగ పడేశానని రాస్తే భయపడ్డావు అన్నావు! నేను భయపడలేదురా. నా వేలు ఆలస్యంగా వదులుతోంది. నువ్వు దాచకపోతే అది నాకు జూన్ నెలలోనే తెలిసేది.

పైగా గేటు దగ్గర కుర్చీ బాగుంటుందని నాకు చెబుతావా? నాకు ఎంత చాలో కొలిచిపెట్టడానికి నువ్వెవరివి? మీ మేస్త్రీ ఎవడు నవ్వడానికి? నీకు ఈ చేత్తోనే సైకిలు నేర్పాను. వెనక పట్టుకుంటానని చెప్పి వదిలేయలేదు, వదిలేస్తున్నానని చెప్పే వదిలాను. పడ్డావు. లేచావు.

జవాబు రాయి. తప్పించుకోకు.

అక్క


సెప్టెంబరు 3

అక్కా,

తప్పించుకోవడం లేదు. అవును, నేనే పెట్టాను. అయితే ఏమిటి?

నువ్వు మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు. ఆ రోజు మొదటి గట్టు మీద పడి పడి, రిమోటు మంచం మీదకి విసిరేసి, గోడ వైపు తిరిగి పడుకున్నావు. పిలిస్తే పలకలేదు. నేను మర్నాడు బస్సు ఎక్కాలి. నిన్ను అలా వదిలి వెళ్ళమంటావా? ఆ ముగ్గురూ ఆ అర ఎందుకు పెట్టారు? చెయ్యి బాగాలేనివాళ్ళు కూడా ఆడాలనే పెట్టారు. సిగ్గుపడాల్సింది ఏముంది? కట్టు కడితే డాక్టరు మోసం చేసినట్టా?

సీటు ఎక్కుతానని రాశావు. నువ్వు ఎన్ని రాయవు? డిపో తగలబెడతానని కూడా ఒకసారి రాశావు. నిజంగా వెళతావని నేను కలగన్నానా? ఒక నెల ఆగమన్నాను. ఆగావా? దుంగ వదిలింది నా వేలా?

కోపమంతా నా ఒక్కడి మీదే చూపించకు. నేను పెడుతున్నప్పుడు బావ పక్కనే ఉన్నాడు. అతన్ని అడుగు. ఇంట్లో రోజూ నిన్ను చూస్తున్నది అతను, నేను కాదు.

దసరా బుల్లోడిలా నవ్వుతూ తిరుగుతున్నానని అనుకోకు, నీ ఉత్తరం వచ్చాక నాకు అన్నం సయించడం లేదు. సెలవు పెట్టి వస్తాను. యజమానితో నేను మాట్లాడతాను.

నీ తమ్ముడు


సెప్టెంబరు 29

తమ్ముడికి,

కోపం తగ్గి రాస్తున్నానని అనుకోకు. తగ్గలేదు.

మీ బావని అడిగాను. "నీకు తెలుసనుకున్నాను" అన్నాడు. "తరువాత నీకు తెలియదని తెలిసింది. అప్పటికి నువ్వు నవ్వుతున్నావు" అన్నాడు. ఆ రోజు నుంచి అవసరానికి తప్ప మాట్లాడుకోవడం లేదు. నువ్వు అతని పేరు రాసింది నిజం చెప్పాలని కాదు, బరువు పంచుకోవాలని. అదీ గుర్తుంటుంది.

కట్టు కడితే డాక్టరు కట్టు కట్టానని చెబుతాడు.

సహాయాలన్నీ తీసేసి నత్తను మళ్ళీ బావి అడుగున పెట్టాను. రోజూ పడ్డాను. మూడో గట్టు దాటలేదు. ఎవరికీ చెప్పుకోవాల్సిన పని లేకుండా నా చెయ్యి ఎంతవరకు వచ్చిందో నాకు తెలిసింది. బొటనవేలు పని చేస్తుంది. చూపుడు వేలు నొక్కుతుంది, సమయానికి వదలదు. ఇంక వదలకపోవచ్చు కూడా. ఫిజియో పిల్లని గట్టిగా అడిగితే ఒప్పుకుంది. వదిలే బటను ఎడమ వైపుకి మార్చి ఆడాను. అయిదో గట్టు దాకా వెళ్ళాను. ఎడమ చెయ్యి కూడా మొద్దుదే. కానీ నేర్చుకుంటోంది.

డిపోకి వెళ్ళాను. పంజా స్విచ్చి ఎడమ లివరు మీదకి మార్చమన్నాను. మెకానిక్కు, "ఒక పూట పని" అన్నాడు. యజమాని, "నీ వేలి కోసం నా బండి కోయాలా?" అన్నాడు. నా హెల్మెట్టు తీసుకుని వచ్చేశాను. గేటు దగ్గర కుర్చీ ఇంకా అక్కడే ఉంది. దాని మీద కుక్క పడుకుని ఉంది.

ఏటి అవతల రంపపు మిల్లులో పాత లోడరు ఒకటి ఖాళీగా ఉందని విని వెళ్ళాను. మిల్లు నడిపే ఆవిడకి అంతా చెప్పాను, లారీ సంగతితో సహా. "ఏ చేత్తో వదిలితే నాకేం? పరీక్ష చూసేటప్పుడు లారీ పెట్టను, ఉత్త నేల మీద వదులు" అంది. కబురు పెడితే మీ బావ వచ్చి స్విచ్చి మార్చాడు. పని చేస్తున్నంతసేపూ నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. మొదటి దుంగ నేల మీద గీసిన గీత దాటి పడింది. మిగతావి గీత లోపలే పడ్డాయి. నెమ్మదిగా చేస్తున్నానని జీతం తక్కువ ఇస్తానంది. నా ఎదురుగా అంది. ఒప్పుకున్నాను.

ఆట వల్లే కదా అని రాయకు. ఇందులో నీకు వాటా లేదు. యజమానితో మాట్లాడటానికి రాకు. నేను రమ్మని రాసేదాకా ఇక్కడికీ రాకు.

నేను గురువారం ఉదయం మొదటి బస్సుకి ఇల్లు వదిలి వచ్చేశాను. ఇక్కడ మిల్లు వెనక గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మీ బావ స్విచ్చి బిగించి, శనివారం మధ్యాహ్నం తిరిగి ఇంటికి వెళ్ళిపోయాడు.

అక్క